లెక్కకు రాని పశువు

బసవ శబ్దము వృషభ శబ్దమునుండి పుట్టినది. కల్యాణపురమున బిజ్జలుని కొలువులో భండారియై, దండనాయకుడై, శరణసమూహమునకు ఆశ్రయమైన బసవేశ్వరుడు నందీశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలు నేటివరకు తెలుగు శైవలోకము విశ్వసించుచున్నది. ఎద్దును చూచి ‘బసవన్న’ అని చేతులు జోడించుట వీరశైవ గృహములకే పరిమితమైన ఆచారము కాదు. సంక్రాంతినాళ్ళలో ఇల్లిల్లు తిరుగు గంగిరెద్దును ఏ కులమువారైనను ఆ పేరనే పిలుతురు. ఇంతటి గౌరవము నందిన ప్రాణి విషయమున ఈ కాలము ఒక చిక్కుప్రశ్నను తెచ్చిపెట్టినది. గుడిలోని రాతినందికి నిత్యము నూనె, పసుపు, పూలు అందుచున్నవి. గుడివెలుపలి నాటుకోడె మాత్రము ఏటేట అరుదగుచున్నది. రాతిరూపమును పూజించి ప్రాణమున్నదానిని తరుముటలోని విడ్డూరమును బసవేశ్వరుడు ఎనిమిది వందల యేండ్ల క్రిందటనే ఎత్తిచూపెను. అయినను విడ్డూరమని నిందించి ఊరకుండుట చాలదు. నాటుపశువు తగ్గుచున్నదని చెప్పుట సులభము. అది అంతరించు ప్రమాదములో నున్నదా లేదా యని నిర్ణయించుట సులభము కాదు. ఆ నిర్ణయమును ఏ కొలతతో చేయవలెను? చేసినపిమ్మట కాపాడు భారమును ఎవరి భుజముపై నుంచుట ధర్మము?

మొదట కొలత సంగతి. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ రోము నగరమునుండి ప్రపంచములోని పెంపుడు పశుపక్షి జాతుల పట్టికను నిర్వహించుచున్నది. ఆ సంస్థ చాలకాలముగా వాడుచు వచ్చిన కొలత ఇది: ఒక జాతిలో ఈనదగిన ఆడపశువులు వెయ్యికి గాని, విత్తనపు మగపశువులు ఇరువదికి గాని మించనిచో ఆ జాతి ఆపదలో నున్నట్లు. ఆడవి నూరునకు గాని, మగవి అయిదింటికి గాని మించనిచో ప్రాణాపాయములో నున్నట్లు. రెండింటిలో ఏ ఒక్కటి పూర్తిగా లేకపోయినను అంతరించినట్లు. 2013లో వెలువడిన మార్గదర్శకములలో ఈ హద్దులను సవరించి, త్వరత్వరగా సంతానమును వృద్ధిచేయు కోడి, పంది వంటివాటికి ఒక విధముగను, నిదానముగా పెరుగు ఆవు, గేదె, గొఱ్ఱెలకు మరింత జాగ్రత్తగల హద్దు ఉండునట్లుగను ఏర్పాటు చేసిరి. 2007లో స్విట్జర్లాండు దేశపు ఇంటర్లాకెన్ నగరమున నూరుకు పైగా దేశముల ప్రతినిధులు కూడి, పశుజాతుల రక్షణకు ఒక ప్రపంచ ప్రణాళికను అంగీకరించిరి. ఆ తరువాత 2015లో సంస్థ ప్రకటించిన రెండవ ప్రపంచ నివేదిక ప్రకారము, నమోదైన జాతులలో 17 శాతము అంతరించు ప్రమాదములో నున్నవి. ఈ పదునేడే పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చినది. దాని ప్రక్కనే అదే నివేదికలో మరియొక సంఖ్య కలదు: 58 శాతము జాతుల స్థితి ఏమో తెలియనే తెలియదు. అనగా లోకమంతయు కలిసి వ్రాసిన చిట్టాలో సగమునకు పైగా గడులు ఖాళీగా నున్నవి. తెలిసిన ప్రమాదముకంటె తెలియని ప్రమాదమే పెద్దదని ఆ చిట్టాయే ఒప్పుకొనుచున్నది.

లెక్క తెలిసినంతమాత్రమున పశువు బ్రతుకునా యన్న ప్రశ్నకు చరిత్రలో ఒక చేదు సమాధానమున్నది. ఐరోపా ఖండములోని ఆవులకు మూలపురుషులైన అడవియెద్దులు ఒకప్పుడు ఆ ఖండమంతట తిరుగుచుండెను. వేట, అడవుల నరికివేత కారణముగా కడపటికి పోలండు దేశములోని యాక్టొరూవ్ అడవిలో మాత్రమే మిగిలెను. ఆ అడవి రాజుగారిది. కాపలావారు కలరు, శీతకాలమున ఎండుగడ్డి వేయు ఏర్పాటు కలదు, కాలానుగుణముగా వచ్చి లెక్కించు అధికారులు కలరు. 1564లో వారు వ్రాసిన సంఖ్య 38. 1599లో 24. 1602లో 4. 1620లో ఒకటి. ఆ కడపటి ఆవు 1627లో కన్నుమూసెను. లెక్కలో ఎక్కడను తప్పు లేదు. ఇంత శ్రద్ధగా మరణమును నమోదు చేసిన దృష్టాంతము మరియొకటి దొరకుట కష్టము.

కావున తలల లెక్క ఒక్కటే చాలదు. పశుశాస్త్రజ్ఞులకును ఈ సంగతి తెలియును. మందలో ఎన్ని పశువులున్నవను దానికన్న, వాటిలో ఎన్నింటి రక్తము తరువాతి తరమునకు అందుచున్నదనునది ముఖ్యమని వారు చెప్పుదురు. దానికొక సులభమైన గణితము కలదు. విత్తనపు మగపశువుల సంఖ్యను ఆడపశువుల సంఖ్యతో హెచ్చించి, నాలుగింతలు చేసి, ఆ వచ్చినదానిని రెండింటి మొత్తముతో భాగింపవలెను. వచ్చిన ఫలమే మంద యొక్క నిజమైన బలము. వెయ్యి ఆవులు, అయిదు ఆబోతులు ఉన్న జాతిని తీసికొన్నచో ఆ బలము సుమారు ఇరువది మాత్రమే. కంటికి వెయ్యిన్ని అయిదు పశువులు కనబడుచున్నవి. తరతరమునకు రక్తము పలుచబడు తీరులో మాత్రము అవి ఇరువది పశువుల మందతో సమానము. ఆవులను రెండువేలు చేసినను ఆ ఇరువది ఇరువదిగనే యుండును. ఆవులను వెయ్యిగనే యుంచి ఆబోతులను యాబది చేసినచో ఫలము నూటతొంబదికి పెరుగును. ఈ బలము యాబదికి తగ్గరాదని సామాన్యముగా చెప్పు నియమము. యాబది ఉన్నచోట తరమునకు ఒక్క శాతము చొప్పున దగ్గర రక్తసంబంధపు కలయిక పెరుగును. ఇరువది ఉన్నచోట రెండున్నర శాతము. అట్టి కలయిక పెరిగినకొలది ఈతలు తప్పును, దూడలు బలహీనపడును, రోగమునకు లొంగును. జాతి నిలుచుట మగపశువుల సంఖ్యపై ఎంతగా ఆధారపడియున్నదో ఈ చిన్న గుణకారము చెప్పుచున్నది.

ఈ గణితమును తెలియకయే తెలుగు పల్లె ఒక ఏర్పాటు చేసికొనియుండెను. వృషోత్సర్గమను క్రతువులో, ఇంటిపెద్ద గతించినప్పుడు కర్మకాండలో భాగముగా ఒక కోడెదూడను దైవమునకు విడుచుట శాస్త్రోక్తమైన ఆచారము. తొడపై త్రిశూలముద్రయో చక్రముద్రయో కాల్చి విడిచిన ఆ కోడెయే అచ్చుపోసిన ఆబోతు. కలిగినవారు తమ మందలో మంచి దూడనే యిచ్చెడివారు. ఒంగోలు సీమలో పెద్దలు దాని మూపురము, నడక, రంగు, తల్లి పాడి విచారించి ఎన్నుకొనెడివారు. ఒంగోలు జాతి లోకప్రసిద్ధి కెక్కుటకు ఈ ఎన్నిక ఒక ముఖ్యకారణమని పశుశాస్త్ర గ్రంథములు పేర్కొన్నవి. అచ్చుపోసిన ఆబోతుకు యజమాని లేడు, పలుపుత్రాడు లేదు. ఊరి ఆవులన్నిటికిని అదియే దిక్కు. అది మేసిన మేత ఏ ఒక్కరిదియు కాదు, ఊరందరి పొలములలోనిది. జాతికి అవసరమైన మగపశువును పోషించు ఖర్చును ఊరు పిడికెడు పిడికెడుగా పంచుకొన్నదన్నమాట. దాసోహమను పేరు పెట్టకపోయినను జరిగినది దాసోహమే.

ఆ ఏర్పాటును మరీ పొగడుటయు తగదు. ఆస్తిపరుని పుణ్యమునకై విడిచిన ఆబోతు కౌలుదారుని చేలో పడి మేసినప్పుడు, ఆ పేదవాడు కఱ్ఱ ఎత్తుటకు వీలులేదు. పుణ్యము ఒకరిది, పైరు మరియొకరిది. ఆబోతుపై కోపము కొంత అక్కడనుండియే పుట్టియుండవచ్చును. ఏ కారణము చేతనైననేమి, నేడు ‘అచ్చోసిన ఆబోతు’ అను మాట పనిపాటులు లేక తిరుగు యువకుని తిట్టుటకు మాత్రమే మిగిలినది. పశువు పోయి తిట్టు మిగులుట భాషలో అరుదైన సంగతి కాకపోవచ్చును గాని, విచారింపదగినది. పశువృద్ధికై మద్రాసు రాష్ట్రమున 1940లో చట్టము చేసినప్పుడు, అనుమతి పొందని కోడెలకు విత్తు కొట్టించుట అభివృద్ధి మార్గముగా భావింపబడెను. స్వాతంత్ర్యానంతరము కృత్రిమ గర్భధారణ వ్యాపించెను. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ ఆరంభమై పాలకు పట్టణములలో గిరాకి పెరిగినకొలది జెర్సీ, హోల్‌స్టీన్ జాతుల విత్తనము పల్లెపల్లెకు చేరెను. ఎదకు వచ్చిన ఆవును ఆబోతు కడకు తోలుకొనిపోవుటకు బదులు సూది వేయించుట వాడుకయైనది. ఒక్క ఆబోతునుండి ఏటా వేలకొలది మోతాదులు తీయవచ్చును గాన, వేల ఆవులకు ఒక్క తండ్రి చాలును. ఇప్పుడు పెయ్యలే పుట్టునట్లు వేరుచేసిన విత్తనము కూడ లభించుచున్నది. అనగా కోడెదూడ పుట్టుటయే అనవసరమను స్థితికి లోకము వచ్చినది.

ఫలితము పశుగణనలో కనబడుచున్నది. 2012, 2019 సంవత్సరముల గణనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, దేశములోని గోసంతతి మొత్తము ఒక్క శాతమైనను మారలేదు. సుమారు పందొమ్మిది కోట్ల దగ్గరనే యున్నది. పైపైన చూచువారికి ఆందోళనపడ నవసరము కనబడదు. కాని ఆ యేడు సంవత్సరములలో ఆడపశువులు 12.3 కోట్లనుండి 14.5 కోట్లకు పెరుగగా, మగపశువులు 6.8 కోట్లనుండి 4.7 కోట్లకు పడిపోయినవి. మూడింట ఒకవంతునకు కొంచెము తక్కువగా ఎద్దులు, కోడెలు కనుమరుగైనవి. విదేశీ, సంకరజాతి పశువులు దాదాపు 27 శాతము పెరిగినవి. దేశవాళీ పశువులు 6 శాతము తగ్గినవి. మొత్తము మాత్రము కదలలేదు. ఇల్లు చెదలు పట్టినను సున్నము వేసిన గోడ తెల్లగనే యుండును గదా.

ఇట చీపురుపల్లి ప్రసక్తి వచ్చుచున్నది. ఒకప్పుడు శ్రీకాకుళము జిల్లాలో నుండి 1979లో ఏర్పడిన విజయనగరము జిల్లాలో చేరిన ఈ ప్రాంతము మాంగనీసు గనులకును, కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకును ప్రసిద్ధి. చెఱువునీరును, వానను నమ్ముకొన్న వ్యవసాయము. వరి, చోడి, నువ్వు, గోగు పండించిన చిన్నచిన్న కమతములు. ఈ పొలములకు ఒంగోలు గిత్తవంటి భారీ పశువు పొసగలేదు. దానిని కొను స్తోమత గాని, దాని కడుపు నింపు గడ్డి గాని చిన్నరైతుకు లేదు. ఇక్కడి పశువు పొట్టిది, బక్కపలుచనిది. ఎండకు నోరు తెరవదు, దొరికిన గడ్డిపరకతో తృప్తిపడును, బురదమడిలో దిగబడక చురుకుగా నడచును. నాగలి లాగినది, బండి మోసినది, కళ్ళములో బంతి తొక్కినది, గానుగ తిప్పినది. అలమండ సంతలోను, మానాపురము సంతలోను తరతరములుగా చేతులు మారినది. ఇన్ని చేసినను దానికొక పేరు లేదు. నాటుది, ఊరిది అందురు. ప్రభుత్వపు కాగితములో ‘నిర్దిష్టమైన జాతికి చెందనిది’ అని వ్రాయుదురు. చీపురుపల్లికి కూతవేటు దూరములోని గరివిడిలో పశువైద్య కళాశాల యున్నది. కాని ఆ కళాశాల గోడవెంట మేయు ఆవు పాఠ్యపుస్తకములోని జాతుల పట్టికలో లేదు.

పేరు లేకపోవుట వలన నష్టమేమి? ఉన్నది. ఆపదలో నున్న జాతులను లెక్కించు పట్టిక, జాతులుగా గుర్తింపబడినవానినే లెక్కించును. పేరులేనిది తగ్గినను ఆ పట్టికలో గంట మ్రోగదు. పూర్తిగా నశించినను అంతరించిన జాతుల సంఖ్యలో ఒకటి పెరుగదు. కాగితముపై పుట్టనిది కాగితముపై చావదు. దేశవాళీ గోసంతతిలో అధికభాగము ఇట్టి పేరులేని పశువులే. కర్నాలులో 1980 దశకమున నెలకొల్పబడిన జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఈ లోపమును గుర్తించి, దేశమున జాతిపేరు లేని పశువనునది మిగులకుండ పరిశీలింపవలెనని 2021లో ఒక ఉద్యమము నారంభించినది. నల్లమల అమ్రాబాదు ప్రాంతపు పొడ తూర్పు ఎద్దు అట్లే ఇటీవల పట్టిక కెక్కినది. ఒంటిమీది పొడలచేత దానికి పొడ అను పేరు. ఆ పశువు పట్టిక కెక్కిననాడు పుట్టినది కాదు. దాని కాపరులు దానిని ఎప్పటినుండియో ఎరుగుదురు. చూచువారికి కన్ను వచ్చిన దినమే దానికి జన్మదినమైనది.

ఇక్కడ శరణధర్మము నెరిగినవారికి ఒక సందేహము కలుగక మానదు. జాతిని కాపాడుట యనగా వంశశుద్ధిని కాపాడుటయే గదా? పుట్టుకచేత ఎక్కువతక్కువలు లేవని చాటి, బ్రాహ్మణుడైన మధువయ్య కుమార్తెకును, చర్మకారుడైన హరళయ్య కుమారునికిని జరిగిన వివాహమునకు అండగా నిలిచి, దాని కారణముగా కల్యాణమే అల్లకల్లోలమగుట చూచిన గురువును అనుసరించువారు, పశువుల విషయమునకు వచ్చునప్పటికి శుద్ధరక్తము, సంకరము అను మాటలను ఎట్లు పలుకగలరు? మనుష్యులలో పోగొట్టదలచిన దానిని పశువులకొట్టములో పోషించుట కాదా?

ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. పశుజాతులను గూర్చిన మాటలలో కులాభిమానము నిజముగనే చొరబడియున్నది. తెల్లని రంగు, నున్నని తోలు, ఎత్తైన మూపురము గల ఒంగోలు గిత్త రాజావారి దివాణమునకు తగినదనియు, చీపురుపల్లి నాటెద్దు హీనజాతిదనియు అనుటలో పనిని చూచిన చూపు లేదు, పుట్టుకను చూచిన చూపే యున్నది. ‘నాటుది’ అని పెదవి విరుచుటకును, మనిషిని కులముపేర తక్కువచేయుటకును నడుమ దూరము చాల తక్కువ. ఇక సంకరమనునది పాపము కాదు. లోకములోని ప్రతి పశుజాతియు ఏనాడో వేర్వేరు రక్తములు కలిసి, ఒక నేలకు, ఒక పనికి కుదురుకొని నిలిచినదే. కావున పోరాడవలసినది కలయికతో కాదు. ఒకవైపునుండి మాత్రమే రక్తము వచ్చి, రెండవవైపుది తిరిగి రాలేనంతగా తుడిచిపెట్టుకొనిపోవు పద్ధతితో. వివాహమునందు ఇరువురు నిలుతురు. ఆక్రమణయందు ఒక్కరే నిలుతురు.

అట్లయినచో పశుజాతి అనగా ఏమి? రంగు కాదు, కొమ్ముల వంపు కాదు. ఒక నేలలో, ఒక ఎండలో, ఒక మేతపై, ఒక మనుష్యసమూహముతో కలిసి ఒక పని చేయుటకు తరతరములుగా అలవడిన శక్తి. శరణుల పరిభాషలో చెప్పవలెనన్నచో, కాయకము. కాయకమున్నంతవరకు ఎవరును చెప్పకయే రైతు ఆ పశువును పెంచును, మంచిదానిని నిలుపును, చెడ్డదానిని అమ్మును. కాయకము పోయినచో, తలలు లక్షలున్నను జాతి లోలోపల సడలుట ఆరంభించును. ప్రమాదమును పసిగట్టవలసినది ఆ క్షణమున. చీపురుపల్లి పొలములలోనికి ట్రాక్టరు వచ్చి, నాగలి చూరున చేరిననాడే నాటెద్దు గండము మొదలైనది. ఆడపశువులు వెయ్యికి తగ్గువరకు ఆగి గంట మ్రోగించు కొలత, రోగికి ఊపిరాగిన తరువాత నాడి చూచు వైద్యునివంటిది. సంఖ్యలు అక్కరలేవని దీని యర్థము కాదు. సంఖ్యలకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నదని.

కాయకమును విడిచి మరియొక కారణముచేత నిలుచు జాతులు లేవా? కలవు. వాటి గతి విచిత్రమైనది. చిత్తూరు సీమలోని పుంగనూరు పొట్టి ఆవు ఇరువదవ శతాబ్ది చివరకు అంతరించుచున్న జాతులకు ఉదాహరణగా పేరుపడి, పలమనేరు పరిశోధన స్థానములోని చిన్నమందతో ఊపిరి నిలుపుకొన్నది. ఇప్పుడు దానికి కోరికదారులు పెరిగిరి. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి నివాసమున పుంగనూరు ఆవులకు మేత తినిపించిన చిత్రములు దేశమంతట ప్రచురింపబడెను. అది బ్రతికినందుకు సంతోషింపవలసినదే. కాని ముంగిట ముచ్చటకై పెంచువారు ఎంత పొట్టిగా నున్న అంత విలువ కట్టుదురు. అదే గురిగా ఏరుచు పోయినచో పాడి, సత్తువ, ఈత సౌఖ్యము ఏమగునో ఆలోచించువారు తక్కువ. పందెపుకోడి సంగతి మరింత ఇబ్బందికరము. అసీలు జాతి కోడిని డేగ, కాకి, నెమలి యని ఈకరంగును బట్టి పేర్లు పెట్టి, తల్లిదండ్రుల వరుస నోటికి చెప్పగలిగినంత శ్రద్ధతో కోస్తావాసులు కాపాడిరి. కాపాడినది దయ కాదు, కత్తి కట్టి కొట్టించు వ్యసనము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము దానిని నేరమన్నది, నేరమగుట న్యాయమే. ఒక దుర్గుణము ఒక జాతిని నిలబెట్టినదనునది నీతిశాస్త్రమునకు మింగుడుపడని నిజము. దయగలవారు అంతటి శ్రద్ధను ఎందుకు చూపలేకపోయిరని తిరిగి ప్రశ్నించుకొనుట తప్ప దానికి సమాధానము లేదు.

ఒంగోలు గిత్తది మూడవ రకము గతి. బ్రెజిలు దేశము వారు దానిని కొనిపోయి, నెల్లూరు పేరుమీదుగా నెలోర్ అని పిలిచి, మాంసమునకై కోట్లకొలది వృద్ధిచేసిరి. 1960 దశకమున ఒంగోలు దగ్గరి కరవది గ్రామమునుండి పోయిన ఆబోతు అక్కడి మందలకు మూలపురుషులలో ఒకటిగా ఆ గ్రామము పేరుతోనే ప్రసిద్ధికెక్కినది. సంఖ్య చూచినచో ఇంతగా వర్ధిల్లిన తెలుగుపశువు లేదు. నాగలికి, బండికి పుట్టినది వేరొక ఖండమున మాంసపుముద్దగా వర్ధిల్లుట రక్షణయా, రూపాంతరములో నాశనమా? శాస్త్రము రక్షణయే యనును. అహింసను, కాయకమును కలిపి ఆలోచించువారు వెంటనే అవుననలేరు.

ఇక భారము సంగతి. నాటావు పూటకు లీటరో, రెండు లీటర్లో ఇచ్చును. సంకరజాతి ఆవు దానికి నాలుగైదింతలు. పాలకేంద్రములో బిల్లు పాలకు వచ్చును గాని, జాతికి రాదు. పిల్లవాని చదువునకు, మందులకు ఆ పాలడబ్బే ఆధారమైన ఇల్లాలికి, భావితరముల కొఱకు నాటావును ఉంచుకొమ్మని ఉపదేశించువాడు తన యింటినుండి ఏమి యిచ్చుచున్నాడు? పట్టణమున ప్యాకెట్టు పాలు త్రాగుచు, గ్రామమున దేశవాళీ సంతతి తగ్గినదని వాపోవుట ఇతరుల జేబునుండి దానము చేయుటవంటిది. దాసోహములో ఇచ్చువాడు తన కాయకఫలమునుండి ఇచ్చును. కావున నాటుపశువు మిగులుట అందరికి మేలైనచో, దాని ఖర్చును పేదయింటిమీద మాత్రమే త్రోయుట అధర్మము. ఆబోతు నాడు ఊరందరి చేలలో మేసినది. అందులోని అన్యాయమును తీసివేసి, పంచుకొను గుణమును మాత్రము నిలుపు ఏర్పాటు నేడు ఎక్కడ నున్నది? దేవాలయముల మాన్యములును, మఠముల గోశాలలును ముసలిపశువులకు ఆశ్రయమిచ్చుచున్నవి, అది కరుణ. ఈడుకు వచ్చిన నాటుకోడెను ఎన్నిక చేసి, చుట్టుప్రక్కల ఊళ్ళ ఆవులకు అందుబాటులో నుంచి, దాని మేతఖర్చును ఊరుమ్మడిగా భరించు గోశాల మాత్రము అరుదు. ఆశ్రయము పశువును కాపాడును. జాతిని కాపాడవలెనన్న దూడ పుట్టవలెను.

కొందరు అందురు: కాలము మారినప్పుడు కొన్ని పోవును, కొన్ని వచ్చును, గానుగ పోయినది, కవిలె పోయినది, నాటెద్దు పోయిన నేమి? పనిముట్టునకును ప్రాణికిని భేదము ఇక్కడనే. గానుగ పోయినను దాని కొలతలు తెలిసిన వడ్రంగి మరల చేయగలడు. ఎండకు తాళుకొనుట, పురుగుపట్టు రోగములకు లొంగకుండుట, ఎండుగడ్డితో చూలు నిలుపుకొనుట, ఇవి వేలయేండ్లలో ఒంటికి పట్టిన గుణములు; ఏ వడ్రంగియు మరల చేయలేడు. వేసవులు నానాటికి తీవ్రమగుచున్న ఈ దినములలో జెర్సీ ఆవు తీరాంధ్రపు ఉక్కకు రొప్పుచు పాలు తగ్గించుట పాడిరైతు లెఱుగనిది కాదు. ద్రవనత్రజనిలో సున్నకు 196 డిగ్రీలు దిగువన విత్తనమును గడ్డకట్టించి దాచు పద్ధతి కలదు. కర్నాలులో అట్టి భాండాగారము కలదు. అది మంచి జాగ్రత్తయే. కాని పేరులేని పశువు విత్తనమును ఆ భాండాగారమున ఏ గడిలో దాచవలెను? దాచిననాడును, ఆ పశువును ఎట్లు మేపవలెనో, ఏ దూడను నిలుపవలెనో తెలిసిన కాపరి నేర్పు గడ్డకట్టి నిలువదు.

ఇరువదియొకటవ పశుగణన 2024 అక్టోబరులో ప్రారంభింపబడినది. గణకుడు చేతిలో యంత్రముతో వచ్చి ప్రతి యింట జాతి పేరు అడుగవలెను. చీపురుపల్లి దగ్గర ఒక రైతు పాకముందు నిలిచి అతడడిగినట్లు తలపోయవచ్చును. రైతు తడుముకొనక, “నాటావు బాబూ, మా తాతల కాడినుంచీ మా యింటిదే” అనును. దాని తల్లి ఎన్ని ఈతలు ఈనినదో, ఏ కరవున గడ్డి లేక తాటాకు మేసి నిలిచినదో, దాని కోడెదూడను ఏ సంతలో ఎంతకు అమ్మవలసివచ్చెనో చెప్పుకొనిపోవును. గణకునికి మరి పది యిండ్లు తిరుగవలసియున్నది. యంత్రములో నలువదికి పైగా జాతుల పేర్లు వరుసగా నున్నవి. రైతు చెప్పినదానికి సరిపోవు గడి వాటిలో లేదు. అన్నిటికి అడుగున ఒకటున్నది. దానిని నొక్కి, మగపశువు లెన్నియని అడుగును.

“లేవు బాబూ. కోడెను మొన్ననే తోలేసినాం.”